రెండో తుమ్ము

కొత్తపేటలో, బైండింగు షాపు మీది గదిలో
ఫ్యాను ఆపేసి రికార్డు చేశాం.
మే నెల. ఫ్యాను తిరిగితే మైకు వింటుంది,
ఆపితే మేం ఉడుకుతాం.
జకరయ్య మాస్టారు బనీనుతో నిలబడి
ట్రంపెట్ మూతిని లుంగీ అంచుతో తుడిచి
"కానీండబ్బా" అన్నాడు.

అరవై మూడేళ్ళ మనిషి. మొదటి ఆల్బం.
ఏదైనా బరువైంది చెయ్యమన్నారు అందరూ,
గుండె పిండేది, నలుగురూ కళ్ళు తుడుచుకునేది.
"ముప్పై ఎనిమిదేళ్ళు శవాల ముందు నడిచా,
పెళ్ళికొడుకుల ముందు వెనక్కి వెనక్కి నడిచా.
బరువు మొయ్యడానికి నా వెనకాల
ఎప్పుడూ నలుగురుండేవాళ్ళు.
నాది గాలి పని."

అందుకని ఎనిమిది పాటలు.
ఒక్కదాంట్లోనూ ఎవరూ ఎవర్నీ వదిలిపోరు.
లాడ్జి సెంటర్లో గొడుగు మర్చిపోయి
వాన కోసం ఎదురుచూసేవాడి పాట.
తెనాలి ప్యాసింజరు రాదని తెలిసీ
ప్లాట్‌ఫారం మీద దువ్వెన తీసినవాడి పాట.
ఇంకోటి మొత్తం పుల్లట్టు గురించే.
గొంతా, ఐసు గోలా బండివాడు
చెక్క మీద ఐసుగడ్డని గీకినట్టుంటుంది,
గీకుడు గరుకు, గ్లాసులో పడేది మాత్రం చల్లన.

స్వింగ్ అంటే ఏంది మాస్టారూ అన్నాను.
చెప్పలేదు. ఎడం చెప్పు ఉంగటం తెంపేసి
ఈ మూల నించి ఆ మూలకి నడిచాడు,
టా... ట, టా... ట,
ఒక కాలు సాగదీస్తూ, ఒక కాలు ఎగరేస్తూ.
"అరండల్‌పేట బ్రిడ్జి దాకా ఇట్టా నడు,
దిగేసరికి నీకే వస్తది.
మధ్యలో చెప్పు కుట్టించావో, పోయిందే!"

మూడో పాటలో జరిగిందది.
డ్రమ్ముల సుభానీ పగలు మిర్చి యార్డులో కాటా వేస్తాడు.
ఆ రోజు చొక్కా మార్చుకోకుండా వచ్చాడు.
సరిగ్గా మాస్టారు ఊపిరి పీల్చే సందులో
హాఛ్!
నా వేలు ఆపే మీట మీదికి పోయింది.
ఒంటి తుమ్ము. అదీ పాట ఎత్తుకునేటప్పుడు.
ట్యూబా ఏసోబు నిజంగానే ఆగి, కూలబడి,
మంచినీళ్ళ చెంబు కోసం చుట్టూ చూశాడు.
జకరయ్య ఆగలేదు.
బుగ్గలు పూరించి, ట్రంపెట్ చూరు వైపెత్తి
రెండో తుమ్ము తానే ఊదాడు,
ముందు ముక్కు జిల, తరవాత పేలుడు,
చివర్న చొక్కా చేత్తో తుడుచుకోడంతో సహా.
సుభానీ నవ్వాపుకోలేక తాళం తప్పాడు.
తప్పినచోటే పాటకి ఊపొచ్చింది.

అయ్యాక, ఇంకోసారి తీద్దాం మాస్టారూ అన్నాను.
"ఏం, మళ్ళీ తుమ్మిస్తావా?"
మైకు ముందే బనీను పిండుకుంటూ అడిగాడు.
ఆ నీళ్ళ చప్పుడు కూడా ఉంది,
చెవి పెట్టి వింటే.

వంద డిస్కులు చేయించాం.
అబద్ధమెందుకు, ముప్పై ఇంకా నా బల్ల కిందే ఉన్నాయి.
మాస్టారు అడగడు.
ఆదివారం వచ్చి, టీ తాగి,
బల్ల కిందికి కాళ్ళు చాపుకోడానికి
వాటినే కాస్త పక్కకి జరుపుతాడు.

పోయిన వారం శంకర్ విలాస్ దగ్గర ఎర్రలైటు.
పక్క ఆటోలో గొడుగు పాట.
ఆశ్చర్యమేం లేదు, ఆటో ఏసోబు అల్లుడిది.
వెనక సీట్లో ఎవరో పెద్దావిడ,
ఒళ్ళో ఎక్స్‌రే కవరు, మీద గోంగూర కట్ట.
మూడో పాట మొదలైంది.
హాఛ్!
"నూరేళ్ళు" అంది ఆవిడ, తలైనా తిప్పకుండా.
ట్రంపెట్ తుమ్మింది.
"ఇంకో నూరు" అంది, గోంగూర సర్దుకుంటూ.

లైటు ఎప్పుడు పచ్చబడిందో
వెనక నరసరావుపేట బస్సు తిడితేగానీ తెలీలేదు.