మెయిలు రాలేదండి

ఏటుకూరు రోడ్డు కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో
నేనూ, నాకంటే ముందు చేరిన కంప్యూటరూ.
దాని ఫ్యాను రెక్కల నిండా మిరప్పొడి.
ఆన్ చేస్తే ముందు నాకు తుమ్ము,
తర్వాత దానికి వెలుగు.

బొమ్మలున్న మెయిలు తెరిస్తే ఊపిరాడక ఆగిపోతుందని
నల్లతెర మీద ఉత్త అక్షరాలతో నడిచేది ఎక్కించాడు నాగుల్ మీరా.
"మిగతా సెట్టింగులు నువ్వు రాసుకో హైమక్కా" అని
బండి తిప్పుకుని అరండల్‌పేట వెళ్ళిపోయాడు.

రాయాల్సిన ఫైలు పేరు చుక్కతో మొదలవుతుంది.
మనం చుక్క పెట్టుకునేది నలుగురికీ కనబడాలని,
అది పెట్టుకునేది ఎవరికీ కనబడకూడదని.
వెతికి పట్టుకునేసరికి పదకొండున్నర.

సర్వర్ పేరు. పోర్టు తొమ్మిదొందల తొంభై మూడు.
యూజర్ పేరులో ఓనరుగారి ఇంటిపేరు,
అందులో ఒక హెచ్ ఉందా, రెండున్నాయా?
ఆయన బోర్డు మీద ఒకలా రాయిస్తారు, చెక్కు మీద ఒకలా.

పాస్‌వర్డ్ కొడుతుంటే తెర మీద ఏమీ పడదు.
కరెంటు లేని తెల్లవారుజామున ముగ్గేసినట్టు
గీత ఎక్కడ కలిసిందో వేళ్ళకే తెలియాలి.
మూడుసార్లు కలవలేదు.

పదకొండో లైనులో తప్పుందంటుంది.
పదకొండో లైను పదిసార్లు చదివాను.
తప్పు పదో లైనుది,
తెరిచిన కొటేషను మూయలేదు.
తప్పొకడిది, తిట్లు పక్కవాడికి.
మిర్చి యార్డు పక్కన బతికేదాన్ని, నాకు కొత్తా?

అంతా దిద్దాక
సర్వర్ చూపించిన సర్టిఫికెట్ ఇంకా పుట్టనే లేదని
కొత్త పేచీ మా కంప్యూటరుది.
తేదీ చూద్దును కదా, రెండువేల ఐదు, జనవరి ఒకటి!
లోపల రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఎన్నడో చచ్చిపోయి
కరెంటు పోయిన ప్రతిసారీ
అక్కడికే వెళ్ళి కూర్చుంటోంది పిచ్చిది.
బ్రాడీపేట నాలుగో లైనులో నలభై రూపాయలు బ్యాటరీ.
మే నెల, మధ్యాహ్నం రెండు.
చున్నీ కింద నా తల కూడా కాసేపు రెండువేల ఐదుకి వెళ్ళొచ్చింది.

చివరికొక్క ప్రశ్న,
ఇక్కడికి తెచ్చాక అక్కడున్నది ఉంచాలా, తీసెయ్యాలా?
ఉంచమన్నాను.
దాచి ఉంచడమేగా మా వ్యాపారం.

ఎంటర్.

లాభం, రెండు, మూడు...
హమాలీలు లారీ దించుతున్నట్టు
వరస తప్పకుండా దిగుతున్నాయి,
పదకొండొందల నలభై ఆరు.
టీ చల్లారిపోయింది. కళ్ళజోడు తుడుచుకున్నాను.

ల్యాబు రిపోర్టులు, బ్యాంకు వాళ్ళు, పండగ శుభాకాంక్షలు,
వాటి మధ్య
మార్చి మూడు, సాయంత్రం ఆరూ పన్నెండు.
ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు, ఎవరో పిల్లవాడు కొట్టినట్టుంది:
మా తాతయ్య క్రోసూరు ఆదెయ్య గారి బాండు పోయింది,
తేజ రకం నలభై బస్తాలు,
డూప్లికేటు ఇప్పించగలరు.

ఆదెయ్యగారు.
మూడుసార్లొచ్చారు.
బస్సు టికెట్టు వేలికి చుట్టుకుంటూ కౌంటరు దగ్గర నిలబడేవారు.
తల ఎత్తకుండానే చెప్పాను మూడుసార్లూ,
"మెయిలు రాలేదండి."
"మావాడు పంపానన్నాడే తల్లీ" అని
కంప్యూటరు వైపు చూశారు చివరిసారి.
నా వైపు కాదు.

వచ్చింది.
వచ్చిన చోటే కూర్చుంది
ఎనభై రోజులు, చల్లగా.
మేమే వెళ్ళి తెచ్చుకోలేదు.
మార్చిలో క్వింటా ఎంత పలికిందో నాకు గుర్తుంది.
ఇవాళెంతో ఎదురుగా బోర్డు మీద సుద్దముక్కతో ఉంది.

చదవని ఉత్తరం పక్కన చిన్న గుర్తుంటుంది,
తెరవగానే పోతుంది.
ఒక మీట నొక్కితే మళ్ళీ వచ్చి కూర్చుంటుంది కూడా
ఎవరూ చూడనట్టు.
వేలు ఆ మీట మీద చాలాసేపుంది.

తీసి ఫోనందుకున్నాను.
క్రోసూరులో రింగవుతోంది.
ఏమని మొదలుపెట్టను?
"మెయిలు వచ్చిందండి" అనా?
అదీ అబద్ధమే.