సన్నతీగ

కొత్తవాడల అండాలమ్మ ఇంటికి
ఇది మూడోసారి పోవుడు.
మొదటిసారి ఫ్యూజు. రెండోసారి ఫ్యూజు.
ఇప్పుడు ఫ్యూజు పోతలేదట,
గోడ వేడెక్కుతున్నదట.

"మంచిగనే అయింది గద" అన్నది గుమ్మంలనే.
"పక్కింటి మోటర్ల మెకానిక్కు వొచ్చి
ఏందో తీగ పెట్టిపోయిండు.
పది రోజులాయె, ఒక్కపాలి పోలే.
నువ్వు పెట్టింది ఉత్త పిరికి తీగ."

మెయిన్ బంద్ జేసి కిట్‌క్యాట్ గుంజి చూస్తె
కాలిన మోటరు చుట్టలకెంచి తీసిన రాగి,
రెండు పేటలు మెలేసి ఉన్నది
మేకను కట్టే పలుపు లెక్క.

చెయ్యి గోడకానిచ్చిన.
సున్నం కింద, పైపు లోపట
ఎన్నడో మా ఉస్తాద్ యాకూబ్ గుంజిన తీగ
జరమొచ్చిన పిల్ల నొసలు లెక్క కాలుతున్నది.

మీది అర్రల ఇద్దరు నర్సింగు పిల్లలు,
ఏటూరునాగారం దిక్కువాళ్లు.
ఆరింటికే ఎంజీఎంల డ్యూటీ, పైన సలికాలం.
బకెట్ల రాడ్డు, పదిహేను వందలు.
పక్కన ఇండక్షన్ పొయ్యి, రెండువేలు.
రెండిటికీ ఒకటే ప్లగ్గు.
దాని మొకం మీద చీమంత అచ్చుల
ఆరు అని ఉన్నది.
ఎవరు చదువుతరు దాన్ని?

వాట్లను వోల్టులతోని భాగించిన
అగ్గిపెట్టె అట్ట మీద:
రాడ్డుకు ఆరున్నర, పొయ్యికి ఎనిమిది మీద చిల్లర.
కలిపితే పదిహేను దాటింది.
"నాకు ఆంపులు గీంపులు తెల్వయ్" అన్నది అండాలమ్మ.

సంచిలకెంచి తీగముక్కలు తీసి గచ్చు మీద పరిచిన.
ఇది మూడు బై ఇరవై రెండు, పాత లెక్క.
ఇది ఏడు బై ఇరవై.
ఇంకేం చెప్పకముందే ఆమె
వేళ్ల నడుమ నలిపి చూసి
"నంబరు పెరిగితే సన్నం" అన్నది.
"మా నూలు లెక్కనే.
జంపఖానకు ఆరు నంబరు నూలు గావాలె.
నలభై నంబరు తెచ్చి పడుగు పోస్తె
దెబ్బ దెబ్బకు తెగుతది."

తెగితే అదృష్టమే అమ్మా.
గోడల తీగ తెగదు, మండుతది.
దానికంటె ముందు తెగేటిదొకటి ఉండాలె.

యాకూబ్ ఉస్తాద్ ఎడమ బొటనవేలికి గోరు లేదు.
అడిగితే చెప్పకపోయేది.
ఒక్క రంజాన్ రాత్రి చెప్పిండు:
గిర్మాజిపేటల ఒక కిరాణం సేటు
"ఊకె పోకుంట గట్టిది పెట్టు" అని
యాభై ఎక్కువిచ్చిండు. పెట్టిన.
లోపట ఎండుమిర్చి బస్తాలు.
అంతవరకే చెప్పి
చాయ్ సాసర్ల పోసుకున్నడు.

పొద్దుగూకేదాక పనైంది.
మీటరు కాణ్నుంచి మీది అర్రకు
నాలుగు ఎంఎం తీగ వేరేగ గుంజిన,
పెద్ద పొక్కల పదహారు ప్లగ్గు,
దానికి దాని ఫ్యూజు.
రాడ్డు తీసినంకనే పొయ్యి పెట్టుమన్న.
పాయం సునంద అనే పిల్ల అడిగింది:
"పేషెంటు బరువు జూసి డోసిచ్చినట్టా అన్నా?"
గట్లనే.
పాత లైనుకు మాత్రం
మళ్ల ఆ పిరికి తీగనే సుట్టిన,
తలెంటుకంత.
అండాలమ్మ మూతి తిప్పింది, పైసలిచ్చింది.

వారం నడిమిట్ల, తెల్లారక ముందే ఫోను.
"నీ తీగ మళ్ల సచ్చింది.
ఇల్లంత చీకటి.
పిల్లలు నిద్రమబ్బుల రెండూ
పాత ప్లగ్గులనే పెట్టిండ్రట."

గోడ మీద చెయ్యి పెట్టి చూడుమన్న.

ఫోన్ల గాజుల సప్పుడు.
జరసేపు ఏం లేదు.
"సల్లగనే ఉన్నది" అన్నది.