ఇంటూ గుర్తు

లింకన్ రికార్డు ఆఫీసులో పెన్ను తేనివ్వరు.
పెన్సిలే.
మెత్తటి దిండు మీద రిజిస్టరు పడుకోబెట్టి
జేబెజ్ థర్ల్‌బీని వెతుకుతున్నాను.
నా కూతురికి తండ్రి వైపు ఐదో తరం.
వరసలకు కరువులేని నా తెలుగులో కూడా
నాకేమవుతాడో తేలలేదు.

పదేళ్లకోసారి జనాభా లెక్కలవాళ్లు అడిగితే
ముప్పై నాలుగన్నాడు, నలభై ఒకటన్నాడు,
ఆ తర్వాత ఏకంగా యాభై ఆరు.
పని మాత్రం మారలేదు: కాలవలు తవ్వడం.
ఒక్క చలికాలం కోర్టు పుస్తకంలోకి ఎక్కాడు,
టర్నిప్పు దుంపలు నాలుగు, జరిమానా ఐదు షిల్లింగులు.
వాటిని ఎవరు తిన్నారో రాయలేదు.

పెళ్లి పుటలో, సంతకం చోట, ఇంటూ గుర్తు.
మూడో తరగతిలో శేషమాంబ టీచరు
నా లెక్కల పక్కన ఎర్రగా పెట్టేది అదే.
ఇక్కడది తప్పు కాదు,
ఒక మనిషి పూర్తి పేరు.
రెండో గీత దిగినచోట సిరా ముద్దకట్టింది,
పార దించినట్టు నొక్కి ఉంటాడు.
పక్కన కెజియాది చిన్నది, కాస్త ఒరిగి.

నాలుగున్నరకి మూసేస్తామన్నారు.
నా కాగితం మీద ఆ గుర్తు దించుకోబోయాను,
రెండు గీతలేగా అని.
రాలేదు.
నాది మరీ
అక్షరంలా వచ్చింది.