ఎవరూ దిగని స్టాపు

చిక్కడపల్లి సందులో, మిర్చీబజ్జీల కొట్టు మీది గదిలో
మా డీటీపీ సెంటరు.
మధ్యాహ్నం మూడు దాటితే నూనె వాసన
మెట్లెక్కి వచ్చి కీబోర్డు మీద కూర్చుంటుంది.

ఈ ఫైలు నాది కాదు.
నాకంటే ముందు ఇదే కుర్చీలో
గౌస్ భాయ్ రెండేళ్లు పెట్టిన పుస్తకం.
ఎల్లంకి రాజలింగం, రిటైర్డ్ కండక్టర్, రాణిగంజ్ డిపో,
మూడొందల పన్నెండు పేజీల నౌకరీ.
గౌస్ భాయ్ కంటి ఆపరేషన్‌కి వెళ్లాడు,
మౌసు నా చేతికొచ్చింది.

స్టైల్స్ పట్టీ తెరిచాను.
మామూలు పేరా. మామూలు పేరా కొత్త.
మామూలు పేరా ఇదే. ఇదే ఫైనల్.
ఫైనల్ సార్ చెప్పింది.
నలభై ఒక్క పేర్లు. చూపుకి అన్నీ ఒకటే,
కొలిస్తే పావు పాయింటు తేడా,
ఒకే ఇంట్లో వేరు కుంపట్లు పెట్టుకున్నట్టు.

పైగా సగం పేర్ల పక్కన ప్లస్ గుర్తు.
తెలియని వాళ్లకి చెప్తున్నాను,
ప్లస్ అంటే ఇక్కడ ఎక్కువని కాదు,
మాట తప్పిందని.
స్టైలు ఒకటి చెబితే
ఎవరో ఆ పేరాని పక్కకి పిలిచి
చెవిలో ఇంకోటి చెప్పారని.

నాకు శుభ్రమంటే పిచ్చి.
మెట్రో చివరి బండి పోయేదాకా కూర్చుని
నలభై ఒకటిని ఐదు చేశాను.
అన్నిటికీ ఒక తల్లి స్టైలు పెట్టాను.
దానికి అర పాయింటు లీడింగ్ తగ్గిస్తే
పిల్లలు, పిల్లల పిల్లలు
ఒక్క క్లిక్కుకి ఒళ్లు దగ్గర పెట్టుకుంటాయి.
ఆల్ట్ నొక్కి ప్లస్సులన్నీ చెరిపేశాను.
పుస్తకం రెండొందల తొంభై ఆరుకి దిగింది.
పదహారు పేజీలు, సరిగ్గా ఒక ఫారం!
కాగితం మిగిలిందని ఓనరు సమోసాలు తెప్పించాడు.

రాజలింగం గారు ప్రూఫు వెనక్కి తెచ్చారు,
టికెట్లు చింపిన వేళ్లతో పేజీలు తిప్పుతూ.
ఎర్ర గీత ఎక్కడా లేదు, నూట నలభై మూడులో తప్ప.
అక్కడా తప్పేమీ లేదు. రెండుసార్లు చదివాను.
"డబుల్ డెక్కర్ ఆఖరి ట్రిప్పు. ఆ స్టాపుల గంట కొట్టిన.
బస్సు ఆగింది. ఎవ్వరు దిగలే. ఎవ్వరు ఎక్కలే."
కింద వెంటనే తర్వాతి పేరా,
మర్నాడు పొద్దున కొత్త బండి, కొత్త డ్యూటీ.

"ఈడ జర జాగ ఉండె బిడ్డా.
గౌస్‌కు చెప్పి పెట్టిచ్చుకున్న.
బస్సు ఆగిందని నేను రాసిన గని
నువ్వు ఆగనియ్యలే."

"ఎంత సార్?"

ఆయన పాయింట్లలో చెప్పలేదు.
ఎడమ చెయ్యి పైకెత్తి
లేని తాడు పట్టుకుని
కిటికీ వైపు చూస్తూ అట్లాగే ఉండిపోయారు.
కింద ఎవరో బజ్జీలకి చిల్లర ఎంచుతున్నారు.
ఎంచడం అయిపోయింది.
అప్పుడు రెండుసార్లు లాగారు.
"రైట్."

పాత ఫైలు వెతికి తెరిచాను.
ప్లస్ గుర్తు మీద మౌసు ఆనిస్తే చెప్పింది:
పేరా తర్వాత ఖాళీ, పదిహేడున్నర.
పదిహేడు కాదు, పద్దెనిమిది కాదు.
గౌస్ భాయ్ కూడా
ఆ తాడు లాగడం చూసే ఉంటాడు.

ఎంటర్ ఇంకోసారి కొడితే అయిపోను.
అట్లా చేయబుద్ధి కాలేదు.
కొత్త స్టైలు తెరిచాను.
తల్లి, మామూలు పేరా.
తర్వాత ఖాళీ, పదిహేడున్నర.
దాని తర్వాత వచ్చేది, మళ్లీ మామూలే.
పేరు గడిలో కర్సరు కొట్టుకుంటూ నిలబడింది.
టైపు చేశాను.

పట్టీలో ఇప్పుడు ఆరు పేర్లు.
ఆరోది పుస్తకం మొత్తంలో ఒక్క పేరాకి.
ప్లస్ గుర్తు లేదు. ఎవరూ మాట తప్పలేదు.

చాప్టరు చివర ఒక లైను మాత్రం
కొత్త పేజీలోకి జారింది.
రెండొందల తొంభై ఏడు. ఫారం చెడింది.
ఓనరు నా భుజం మీదుగా తెరలోకి వంగి
"ఈ ఎవరూ దిగని స్టాపు ఏందమ్మా" అన్నాడు.

సమోసాల లెక్క ఇంకా తేలలేదు.