అసలూ కొసరూ

కుతైసీలో, రియోనీ నది మీది తెల్ల వంతెనకి ఇవతల
తాళాలు బాగుచేసేవాడి కొట్టు పక్కనే
నూగ్జార్ స్టూడియో.
నేను అక్కడ జీతానికి. పేరు ఎతేరి.

నూగ్జార్ చీకటిగది కాలం మనిషి.
నెగటివ్‌ని అంచులు పట్టుకుని ఎత్తేవాడు
పసిబిడ్డని చంకలు పట్టి ఎత్తినట్టు.
"ప్రింటు నీ ఇష్టం. గీకు, రంగెయ్యి, చింపు.
అసలు జోలికి పోకు.
అసలుకే ఎసరు పెట్టేవాడు
ఫొటోగ్రాఫరు కాడు, వంటవాడు."

కంప్యూటరొచ్చాకా అదే శాసనం.
కెమెరాలోంచి దిగిన ఫైలు దిగినట్టే ఉంటుంది.
దాని పక్కనే, అదే పేరుతో, ఇంకో చిన్నది.
అందులో బొమ్మ ఉండదు, చిట్టీ మాత్రమే:
ఇక్కడ వెలుగు పెంచు. ఆకాశానికి కాస్త నీలం.
పెళ్లికూతురి గడ్డం మీది మొటిమ తియ్యి.
ఎడమ నుంచి మూడో మనిషిని తియ్యి.

తెరిచిన ప్రతిసారీ ప్రోగ్రాము ఆ చిట్టీ చదువుకుని
అప్పటికప్పుడు ముస్తాబు చేసి చూపిస్తుంది.
పదకొండేళ్లు
ముస్తాబునే ముఖమనుకున్నాం.

ఈ చలికాలం ఆ ప్రోగ్రాము నెల అద్దె
మా కరెంటు బిల్లుని దాటింది.
నూగ్జార్ కళ్లద్దాలు తుడుచుకుని "మానెయ్" అన్నాడు.
ఉచితంగా దొరికేది ఒకటి దించాను.
అరవై ఒక్క వేల ఫొటోలు.
రాత్రంతా డిస్కు గురక పెట్టింది.

తెల్లారి చూస్తే
పాతదాని రాత కొత్తదానికి తెలియలేదు.
కత్తిరింపులు ఏవో కూడబలుక్కుంది,
మిగతాదంతా వదిలేసింది.
ఊరి ఆకాశాలన్నీ ఒక్క రాత్రిలో బూడిదరంగుకి తిరిగొచ్చాయి.
బ్యాంకు మేనేజరు బట్టతల మెరిసింది.
మేం ఊడ్చేసిన సిగరెట్టు పీకలు
ఎవరి గుమ్మం ముందుకి వాళ్లవి చేరాయి.

ఝుఝునా ఆ రోజే రావాలా.
బజారులో అక్రోటు దండలమ్ముతుంది,
వేళ్లకి ఎప్పుడూ ద్రాక్షపాకం.
కూతురు నానులీకి నలభై నిండుతాయట,
తోటలో తీసిన ఫొటో గోడంత చెయ్యమంది.
మా దగ్గరున్న దిద్దిన కాపీ అరచెయ్యంత.
సాగదీస్తే ముఖం గళ్లు గళ్లయింది.
అసలే తెరవాలి.
తెరిచాను.

నానులీ భుజం మీద చెయ్యి.
చెయ్యి వెనక చొక్కా, చొక్కా పైన
వాజా. "వాణ్ని తీసెయ్, ఎంతైనా ఇస్తా" అని
ఇదే బల్ల మీద నోట్లు పరిచి
ఆవిడ తీయించిన అల్లుడు.
నేనే తీశాను. అతనున్నచోట
దానిమ్మ కొమ్మలు అతికించాను, ఆకు ఆకూ.
ఆ చెట్టుకి అన్ని కొమ్మలు ఎన్నడూ లేవు.

తెర తిప్పేద్దామనుకున్నా. ఆలస్యమైంది.
ఆవిడ కళ్లజోడు వెతుక్కుని పెట్టుకుంది.
పక్క కొట్టులో ఆకురాయి
కీచుమని ఆగింది, మళ్లీ మొదలైంది.
"అప్పుడు ఇంత బక్కగా ఉండేవాడా" అంది.
కాసేపటికి, "ఆ చొక్కా నేను కొన్నదే."

ప్రోగ్రాము మారింది, చిట్టీ చదవలేదు అని
ఏదో చెప్పబోయాను.
"మళ్లీ తీసెయ్" అంది. "గోడకి మాత్రం.
ఇదుంది చూడు, ఇది, ఇలాగే ఉంచు.
పేరేం పెడతావో నాకు చెప్పకు.
నానులీకి అసలే చెప్పకు."

ఆ రాత్రి కొమ్మలు మళ్లీ అతికించాను, ఈసారి కొన్ని తక్కువ.
భుజం మీద వేళ్ల నీడ ఒకటి పోనంది.
తీస్తే భుజం తరుగుతోంది. వదిలేశాను.
రేపు ఏ ప్రోగ్రామొచ్చినా చదవగలిగేలా
పూర్తి సైజులో భద్రం చేసి "గోడ" అని పేరు పెట్టాను.

రెండోదాని పేరు గడిలో కర్సరు కొట్టుకుంటోంది.
"పాతది" అని కొట్టి చెరిపాను.
"అసలు" అని కొట్టి చెరిపాను.
కెమెరా పెట్టిన నంబరే ఉంచాను, 4417.

నూగ్జార్ షట్టరు సగం దించి "అయిందా" అన్నాడు.
ఏది అని అడగబోయి
లైటు తీశాను.