ముల్లు

ధర్మాబాద్ మిర్చి అడ్తిల
ఫాల్గుణం వచ్చిందంటే కుక్క సుత తుమ్ముతది.
హమాలీలు ముక్కులకు తువ్వాలలు చుట్టుకుంటరు.
వ్యాపారి కండ్లొత్తుకుంటనే బేరం జేస్తడు.
చాయ్ పిల్లగాడు ఒక్క తుమ్ముకు
మూడు గిలాసలు ఒలకబోస్తడు.
కాంటా కాడ కూసున్న నాకే
ఒక్క తుమ్ము రాక రెండేండ్లాయె.

గోదక్క అమ్ముతనన్నది.
కుండల్వాడి తోవల ఆమె చేను,
ముప్పై ఆరు బస్తాలు.
తొడిమెలు తీసి తీసి
వారం దినాలు వేళ్ళు మండినయి ఆమెకు.
"ఏమంటవ్ తమ్మీ?"
"ఆగక్కా. కోల్డ్ స్టోరేజీల పెడ్దాం. శ్రావణానికి రేటు లేస్తది."
ఏడు మాటలు.
తర్వాత ఎన్ని రాత్రులు లెక్కవెట్టిన్నో.
చాయ్ ఊదుకుంట అన్న, ఆమె దిక్కు చూడకుంట.

రేటు లేవలే.
అక్క ఎద్దులను అంగడికి తోలింది.
మెడగంటలు ఇప్పి ఇంట్ల పెట్టుకున్నది.

రాత్రి రెండు గంటలకు
గూడ్సు బండి కూతవెట్టంగనే
నా లోపల అడ్తి తెరుస్తరు.
అవే ముప్పై ఆరు బస్తాలు.
ఎక్కిస్త, రాస్త, దించుత,
మళ్ళ ఎక్కిస్త.
ఎనకంగ చిల్లర సరుకు వస్తది:
ఇంటర్ల లెక్కలు ఇడిసిపెట్టింది,
ఉజ్వలను అడగక ఊకున్నది,
నాయిన మందులు నాందేడ్ల కాక ఈడనే కొన్నది.
పావుకిల లేని ముచ్చట్లు సుత
క్వింటాలు తూగుతయి.
తెల్లారేదాంక పట్టీ రాసుడే.
ప్రతి పట్టీ మీద నా పేరే.

నాందేడ్ల డాక్టరమ్మ
"కధీపాసూన్?" అన్నది. ఎప్పటి సంది అని.
అక్క మిర్చి సంది అన్న, టక్కున.
ఆమె రాసుకోలే.
పెన్ను మూత పెట్టి,
అంతకుముందు చెప్పుమన్నది.

అంతకుముందు?
ఆ యేడు దసరాకు కొన్న అంగీ
మడత ఇప్పలే.
జొన్నరొట్టె అప్పటికే మన్ను లెక్క ఉండె నోట్లె.
తానానికి బకెట్ల వేడినీళ్ళు పోసుకొని
దాని ముంగటనే కూసుండి
చల్లారినంక పారబోసిన దినాలున్నయి.

అప్పటికి అక్క చేన్ల మిర్చి
ఇంక పూత మీదనే ఉండె.

ఇది చెప్పి నేనే బిత్తరపోయిన.
ఆమె ఏం అనలే. గోలీలు రాసింది.

తెల్లారి అడ్తిల
పుండలిక్ మామ బస్తా దించి నన్ను మొత్తుకున్నడు:
"ఏం తూకం రా ఇది?
ఖాళీ కాంటానే నాలుగు కిలలు చూపెడుతున్నది.
ముల్లు సున్న మీద లేనప్పుడు
బస్తాను తిట్టి ఏం లాభం?"

ఇరవై ఏండ్ల పని నాది.
పొద్దుగాల ఖాళీ కాంటా చూసుడు మొదటి పని.
ఎప్పుడు మర్సిపోయిన్నో.

ఆ ఏడు మాటలు బరువులేనియని అంటలేను.
బరువే.
ఎంత బరువో మాత్రం
నాకిప్పుడు తెల్వది. అంతే.

మొన్న గోదక్క వచ్చింది.
"ఇంక గదే మోస్తున్నవారా?
నువ్వు అమ్ముమన్నా నేనే ఆపుకుందునేమో, ఎవరికెరుక"
అన్నది. నేను పూరాగ నమ్మలే.
పండుమిర్చి తొక్కు డబ్బా పెట్టి,
తిన్నవా లేదా అని రెండు సార్లడిగి
సాయంత్రం బస్సెక్కింది.

మూత తీసిన.
ముక్కుల ఏదో మెసిలింది.
తుమ్ము కాదు,
తుమ్ముకు ముందొచ్చేది.
అట్లనే కూసున్న చానాసేపు
మొఖం పైకెత్తి,
నోరు తెరుసుకొని.