పదకొండో టేకు

నవల్లో వాన లేదు.
మొదటి పేజీ నుంచీ వడగాలి, దుమ్ము,
డిటెక్టివ్ కాలరుకంటిన జిడ్డు చెమట.
దర్శకుడికి మాత్రం తడిసిన వీధే కావాలి.
ఒక్క దీపం పెడితే రెండు వెలుగుతాయట.

అందుకని బర్బాంక్‌లో, నడిరాత్రి నిచ్చెన మీద
నేను, ఎర్ల్ టిస్‌డేల్‌ని,
గంటకు డాలరున్నర వానని.
కింద హీరో టోపీ అంచు నుంచి ధార.
పదకొండో టేకులో శవం తుమ్మింది.

నవల రాసినాయన వచ్చాడు ఆ రాత్రే.
పొట్టి మనిషి, జేబునిండా పల్లీలు,
ఎవరిదో గొడుగు.
కాలవకేసి చాలాసేపు చూశాడు.
"హంతకుడి బూటు అచ్చు
సరిగ్గా అక్కడే, దుమ్ములో ఉండేది.
నూట నలభయ్యో పేజీ.
కడిగేశావు కదయ్యా" అన్నాడు,
కోపంగా కాదు.
గొట్టం కట్టేయబోతే వద్దని చెయ్యూపి
నిచ్చెన మీదికి గుప్పెడు పల్లీలు అందించాడు.

సినిమాలో హంతకుడు తనంతట తనే ఒప్పుకుంటాడు.
ఇంకేం దారుంది?

తెల్లారగట్ల ఇల్లు చేరాను.
మార్చి నుంచీ చినుకెరగని ఊరు,
నిమ్మచెట్టు మొదట్లో నెర్రెలు.
గేటు నుంచి గుమ్మం దాకా
నా బూట్ల తడి అడుగులు.
తాళం తీసి వెనక్కి తిరిగేసరికి
ఒక్కటీ లేదు.